దారం కట్టిన సీసా

గుప్పెడు నూకలు గాజు బుడ్డిలో పోసి, మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, ఎల్లేశం గలగలా ఊపుతున్నాడు. లోపల పట్టిన జిడ్డు వేలికి అందదు, పీచుకు అందదు, నూకలకు మాత్రం అందుతుంది. ఊపి, ఎండకు ఎత్తి చూసి, అడుగున ఇంకా పచ్చటి మరక కనిపిస్తే మళ్లీ ఊపాడు. దుకాణం వెనక వాకిట్లో నీళ్ల డ్రమ్ము పక్కన పీట వేసుకుని కూర్చుంటే పొద్దుటి ఎండ సరిగ్గా చేతుల మీద పడుతుంది. ఆ చేతుల వేళ్ల సందుల్లో పాత నలుపు ఒకటి ఉంది. పెంబర్తిలో ఇత్తడి సామాను మెరుగు పెట్టిన రోజుల్లో ఎక్కింది, ఎన్ని సబ్బులు మార్చినా దిగలేదు. ఇప్పుడు దాన్ని దింపాలని అతను కూడా అనుకోవడం లేదు.

దుకాణం ఉమేష్‌ది. జనగామ స్టేషన్ రోడ్డులో వాళ్ల తాత నాటి నుంచి పూజ సామాను అమ్ముతున్నారు. కుంకుమ, వత్తులు, కర్పూరం, పీటలు, పటాలు. కరోనా వచ్చి పోయాక ఊరికి ఉన్నట్టుండి మంచి వాసన మీద మోజు పుట్టింది. ఉమేష్ ఆ మోజును ముందే పసిగట్టి సెంటు దీపాలు తెప్పించాడు. కరెంటులో గుచ్చే కర్పూరం దీపాలు, కింద మైనపు ముక్క వెలిగిస్తే పైన గిన్నెలో నూనె కాగేవి, అన్నిటికంటే పైమెట్టున రాయి దీపాలు.

రాయి దీపం చూడటానికి ముద్దుగా ఉంటుంది. గాజు బుడ్డి, అందులో సెంటు కలిపిన స్పిరిట్టు, దాన్ని పీల్చుకునే వత్తి, వత్తి నెత్తిన టోపీ పెట్టినట్టు ఒక చిన్న తెల్ల రాయి. ఆ రాయిని అంటించి కాసేపు మండనివ్వాలి. ఆ తర్వాత మంట తీసేస్తే రాయి వేడికి వాసన గది నిండా పరుచుకుంటూనే ఉంటుంది. మంట లేదు, పొగ లేదు. మంట ఎలా తీయాలో డబ్బా మీదే బొమ్మ వేసి ఉంది, ఒక తెల్ల దొరసాని పెదవులు సున్నాలా చుట్టి ఉఫ్ మని ఊదుతూ ఉంటుంది.

చిక్కంతా ఆ దొరసాని దగ్గరే వచ్చింది. దీపాన్ని నోటితో ఊదే ఇల్లాలు జనగామలో ఎక్కడ దొరుకుతుంది? పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తిని ఊదమంటేనే ముసలమ్మలు మొహం తిప్పుకుంటారు. అంతంత పెట్టి కొన్న దీపాన్ని తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టారు, బొట్టు పెట్టారు, ప్రమిదను వదిలినట్టే తనంతట తాను కొండెక్కేదాకా మండనిచ్చారు. రాయి మాడి బొగ్గయింది. వాసన రావడం లేదని దుకాణానికి వచ్చి ఉమేష్ మీద లేచారు. వాళ్లకు నచ్చజెప్పలేక, వచ్చిన దీపాలన్నీ వెనక వాకిట్లో పెట్టించి, పెంబర్తి పని పోయి ఖాళీగా తిరుగుతున్న ఎల్లేశాన్ని పిలిచాడు. నోటితో ఊదకుండా ఇత్తడి మూతను మంట మీద ఇలా మూసి అలా తీస్తే సరిపోతుందని ఎల్లేశం ఇల్లిల్లూ తిరిగి చూపించాడు. కొందరు విన్నారు, కొందరు తల ఊపి మళ్లీ గూట్లోనే పెట్టారు. వాళ్లు అలా పెట్టబట్టే అతని పొయ్యి వెలుగుతోంది, కాబట్టి అతను ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు.

ఇంతకూ వాసన దీపాలు బాగుచేసే ఈ మనిషికి వాసన తెలియదు. కరోనా వచ్చిన ఏడాది జ్వరం వచ్చింది, తగ్గింది, నోటి రుచి కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ముక్కు మాత్రం రాలేదు. మొదట్లో పొద్దున్నే ఉల్లిగడ్డ కోసి మొహం దగ్గర పెట్టుకునేవాడు. కళ్ల వెంట నీళ్లు కారేవి గానీ వాసన తగిలేది కాదు. తర్వాత ఆ పరీక్ష మానేశాడు. ఈ సంగతి దుకాణంలో తెలిస్తే పని ఉండదు. అందుకే దీపం వెలిగించాక తను ముక్కు ఎగబీల్చి, గుటక వేసి, ఇంటివాళ్ల మొహం చూస్తాడు. వాళ్ల కనుబొమలు విప్పారితే, "మంచిగొస్తున్నది కదమ్మా," అంటాడు. ముడిపడితే, "జర ఆగుండ్రి, రాయి ఇంకా కాగలే," అంటాడు. ఇన్నేళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. అతని భార్య అండాలుకు ఒక్కదానికే తెలుసు.

ఇవాళ అతను ఊపుతున్న బుడ్డి దుకాణానిది కాదు. గిరాకీ పారేసి పోయిన దీపాన్ని ఉమేష్‌ను అడిగి తీసుకున్నాడు. పగిలిన మరో దీపం నుంచి మంచి రాయి ఊడదీసి పెట్టుకున్నాడు. పొద్దున్నుంచి దుకాణం పని పక్కనపెట్టి దాన్నే తోముతున్నాడు. ఉమేష్ వెనక్కి వచ్చి చూశాడు.

"ఎట్లున్నది ఎల్లేశం, ఇంట్లామెకు?" అని మాత్రం అడిగాడు.

"గట్లనే ఉన్నది సేటు," అన్నాడు ఎల్లేశం. గట్లనే లేదు. రోజురోజుకూ తగ్గిపోతోంది. కానీ అడిగినవాళ్లకు చెప్పడానికి ఇంకో మాట అతనికి తోచదు.

అండాలుకు రొమ్ము మీద పుండు. మొదట కందిగింజంత గడ్డ. పత్తి ఏరే పనుల్లో దాని సంగతి చూసుకోలేదు. చూసుకునేసరికి దవాఖానలో కోసి తీసే దశ దాటిపోయింది. హన్మకొండ డాక్టర్లు మందులు రాసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పుండు పగిలి నీరు కారడం మొదలయ్యాక ఇల్లంతా వాసన పట్టింది. అండాలు కిటికీ మూయించింది, వాసన వాడకట్టులోకి పోకూడదని. పక్కింటి కొమురమ్మ కూర తెస్తే గడప దగ్గరే పెట్టి పోయేది. ఎల్లేశం మాత్రం రోజూ పొద్దునా సాయంత్రం దగ్గర కూర్చుని, దూది తడిపి, పాత గుడ్డ ఊడదీసి, పుండు కడిగి, కొత్త గుడ్డ వేసేవాడు. మొహం తిప్పేవాడు కాదు. తిప్పడానికి కారణం అతనికి అందేది కాదు.

"నీ ముక్కు పోవుడే మంచిదైంది," అంది ఒకరోజు అండాలు, అతను గుడ్డ మారుస్తుండగా. "లేకుంటె నువ్వు సుత కొమురమ్మ లెక్క గడప కాడ్నే నిలబడుదువు."

"నిలబడకపోదును," అన్నాడతను.

"నిలబడుదువు తియ్యి. నేనైన నిలబడుదును." చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది. ఆ రోజు అతనికి పోయిన ముక్కు మీద ఉన్న దిగులంతా పోయింది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, అమూల్య. అల్లుడికి భూపాలపల్లిలో బొగ్గు గనిలో పని. బతుకమ్మ పండుగకు అమూల్య తన ఐదేళ్ల కూతురు కీర్తిని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల తలుపు దగ్గరే ఆగిపోయి గౌను అంచు ముక్కు మీదికి లాక్కుంది. తర్వాత వంగి మంచం కిందికి తొంగిచూసి, "అమ్మా, గీడ ఎలుక సచ్చిందే," అంది. అమూల్య దాని వీపు మీద ఒక్కటి వేసింది. అండాలు మాత్రం, "దాన్ని కొట్టకే, నిజంగనే సచ్చింది, తాత తీసేస్తడు," అంది. పిల్ల ఏడుస్తూ బయటికి పోయింది. వాళ్లు తిరిగి బస్సెక్కిన రోజు నుంచి అండాలు బిడ్డను రానివ్వలేదు. ఫోను వస్తే, మంచిగున్నా, పిల్ల బడి పాడు చెయ్యకు, అనేది. అమూల్య వస్తానన్న ప్రతిసారీ ఏదో ఒక అడ్డం చెప్పేది. అలా చెప్పిన రోజు అన్నం ముట్టేది కాదు.

నిన్న అమూల్య అడగలేదు. రేపు బస్సెక్కుతున్నా, అని చెప్పి ఫోను పెట్టేసింది. పొద్దున్న ఎల్లేశం చొక్కా వేసుకుంటుంటే అండాలు మంచం మీంచి పిలిచింది.

"పొల్ల వస్తన్నది. నువ్వు గా సెంటు దీపం తెచ్చి పెట్టు. అది పెట్టి, ఇల్లు మంచిగైనంకనే దాన్ని లోపటికి రానియ్యి. లేకుంటె గడప కాడ్నే మాట్లాడి పంపియ్యి. నా బిడ్డ నా ముంగట ముక్కు మూసుకునుడు నేను మల్ల చూడ."

"తెస్త తియ్యే."

"తెస్త కాదు. అది రాకముందే తేవాలె. మల్లెపూలది తే." మాట ముగించేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. "ఇంకోసారి వస్తదో రాదో. అప్పటికి నేనుంటనో ఉండనో."

ఎల్లేశం బుడ్డిలోని నూకలు వంచేసి, నీళ్లతో కడిగి, బోర్లించాడు. దాన్ని ఆరబెట్టి, క్యాను దగ్గరికి వెళ్లి తన సీసా నింపుకున్నాడు. క్యానులో ఉండేది వాసన లేని ఉత్త స్పిరిట్టు, మాడిన రాళ్లను శుభ్రం చేయడానికి. క్యాను మోసుకుని ఇళ్లకు పోలేడు కాబట్టి, సెంటు అయిపోయిన మల్లెపూల సీసా ఒకటి ఏరుకుని అందులో పోసుకుంటాడు. అసలు సెంటు సీసా మీద ఉన్నట్టే దాని మీద కూడా మల్లెమొగ్గల బొమ్మే. ముక్కున్నవాడైతే మూత తీసి చూసుకుంటాడు. ఎల్లేశానికి ఆ వసతి లేదు. అందుకని గుర్తుకు సీసా మెడకు ఎర్ర దారం చుట్టి ముడి వేస్తాడు. వత్తుల పొట్లాలకు కట్టి వచ్చే దారమే.

దీపం, మూత, సీసా సంచిలో వేసుకుని, దుకాణం వెనక వీధిలో ఉన్న మనోరమమ్మ ఇంటికి బయలుదేరాడు. మనోరమమ్మ ఉమేష్ తల్లి. ఆమె దీపం నెల తిరగకముందే మాడుతుంది. రెండు రోజులుగా కబురు పంపుతోంది. మల్లెపూల సెంటు దుకాణంలో అయిపోయింది, ఆమె బీరువాలో ఉంటుందని ఉమేష్ చెప్పాడు. ఇవాళ ఆ ఇంటికి వెళ్లడంలో ఎల్లేశం స్వార్థం కూడా ఉంది.

మనోరమమ్మ దేవుడి గది బయట పీట మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. దీపం రాయి మసిబొగ్గులా ఉంది. ఎల్లేశం బుడ్డి ఖాళీ చేసి, సంచిలోంచి తన సీసా తీసి ఉత్త స్పిరిట్టు పోసి, వత్తి నాననిచ్చి, రాయి అంటించాడు. నల్లటిదంతా కాలి, అంచుల నుంచి తెలుపు తేలడానికి సమయం పట్టింది. ఆ తర్వాత సెంటు పోసి మళ్లీ వెలిగించి, ఇత్తడి మూత మంట మీద మూసి తీశాడు. మనోరమమ్మ కళ్లు మూసుకుంది. ఆమె మొహం విప్పారడం చూసి, "మంచిగొస్తున్నది కదమ్మా," అన్నాడు.

"వస్తున్నది. నువ్వు పెడితె వస్తది, నేను పెడితె రాదు."

"మీరు కొండెక్కేదాక ఉంచుతరు కదమ్మా."

"ఉంచకేం చేస్త? దేవుని ముంగట వెలిగించినదాన్ని మూత పెట్టి చంపుమంటవా?" అంటూ లేచింది. ఎల్లేశం అండాలు అడిగిన సంగతి చెప్పాడు. బిడ్డ వస్తున్నదని కూడా చెప్పాడు. ఎందుకు కావాలో చెప్పబోయి, "ఇల్లు జర మంచిగుండాలంటున్నది," అని ఆగాడు. మనోరమమ్మకు అర్థమైంది. పుండ్ల సంగతి తెలియనంత చిన్నది కాదు ఆమె.

బీరువాలోంచి కొత్త సీసా తెచ్చింది, నిండుగా ఉంది. దేవుడి గదిలోకి పోయి ఒక ఎర్ర దారం కూడా తెచ్చింది. "చిల్పూర్ గుట్ట మీద బుగులు వెంకటేశ్వరసామి కాడ మొన్న పూజ చేయించిన దారం. అండాలు చేతికి కట్టు. గా సామి భయం బుగులు తీసేస్తడు," అంది. ఎల్లేశం జేబులు చిరుగులని ఆమెకు తెలుసు కాబట్టి, దారాన్ని ఎక్కడా పడేసుకోకుండా సీసా మెడకే చుట్టి ముడి వేసి ఇచ్చింది. ఆమె వేళ్లకు దేవుడి పసుపు ఉంది. అది ముడికి అంటుకుంది.

ఎల్లేశం రెండు చేతులతో తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. రోడ్డు మీదికి వచ్చాక అతని అడుగు దానంతటదే పెద్దదైంది. ఇంట్లోవాళ్లు పేరు పెట్టి ఒకటి అడగడం, అది తన చేతిలో ఉండటం, దాన్ని పట్టుకుని ఇంటికి పోవడం ఎంతో కాలానికి జరిగింది. రైలు గేటు దగ్గర గూడ్సు బండి పోతుంటే నిలబడి, సంచిని గుండెకు ఆనించుకున్నాడు.

ఇల్లు చేరేసరికి అండాలు మెలకువగానే ఉంది. "తెచ్చినవా?" అంది.

"తెచ్చిన. మల్లెపూలదే. మనోరమమ్మ ఇచ్చింది. సామి దారం సుత ఇచ్చింది, నీ చేతికి కట్టుమన్నది."

ముందు పుండు కడిగాడు. గుడ్డ మార్చి, పాతది బయట గుంటలో వేసి వచ్చి, చేతులు తోముకున్నాడు. కిటికీ మూసి ఉండటంతో గదిలో మసక. బల్బు వేస్తే అండాలు కళ్లకు గుచ్చుకుంటుందంటుంది, అందుకని వేయలేదు. సంచిని మంచం పక్కన పెట్టి, దీపం తీసి గూట్లో నిలబెట్టి, మళ్లీ సంచిలో చేయి పెట్టాడు. దారం చుట్టిన సీసా చేతికి తగిలింది. తీశాడు. ముడి విప్పి, దారం అండాలు మణికట్టుకు రెండు చుట్లు చుట్టి కట్టాడు. చెయ్యి ఎంత సన్నబడిందంటే మిగిలిన కొసలు పొడుగ్గా వేలాడాయి. ఆమె ఆ చేతిని కళ్లకు అద్దుకుంది.

సీసా మూత తీసి బుడ్డిలో పోశాడు. వత్తి నాననిచ్చి, అగ్గిపుల్ల గీశాడు. రాయి మీద నీలిమంట లేచింది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అమూల్య పుట్టిన ఏడాది వాన కురిసి కరెంటు పోయిన రాత్రులు ఇలాగే కందిలి దీపం చూస్తూ కూర్చునేవాళ్లు.

"ఊదకు," అంది అండాలు, అతను మంట మీదికి వంగగానే.

"ఊదుతనా? నాకు తెల్వదా?" ఇత్తడి మూత మూసి తీశాడు. మంట పోయింది. "ఇగ వస్తది వాసన. వస్తున్నదా?"

"నాకేడ తెలుస్తది? గీ వాసనల పండి పండి నా ముక్కు సుత నీ ముక్కు లెక్కనే అయింది." ఆమె దారం కొసలను వేళ్లకు చుట్టుకుంది. "పొల్లను అడుగుదాం తియ్యి."

అమూల్య సాయంత్రం అవుతుండగా వచ్చింది. జాతర రోజులు, బస్సుల్లో నిలబడే చోటు కూడా లేదట. పిల్లను అత్త దగ్గర వదిలి వచ్చింది. వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే ఎల్లేశం ఎదురెళ్లాడు. దీపం పెట్టిన సంగతి చెప్పాలనుకుని, చెబితే ఏం బాగుంటుందిలే అని, "దా బిడ్డా, అవ్వ చూస్తున్నది," అన్నాడు. అమూల్య గడప దాటుతుంటే ఆమె చేతులనే చూశాడు.

అమూల్య ఒక్క క్షణం ఆగింది. గూట్లో దీపాన్ని చూసింది, తల్లిని చూసింది. చేతులు రెండూ కిందే ఉన్నాయి. తిన్నగా పోయి మంచం మీద కూర్చుని, వంగి, తల్లి చెంపకు చెంప ఆనించింది.

"ఇంట్ల వాసనొస్తున్నదానే?" అండాలు అడిగింది.

"వస్తున్నదవ్వా."

"ఏం వాసన?"

అమూల్య మళ్లీ గూటి వైపు చూసింది. దీపం పక్కన సీసా ఉంది, దాని మీద మొగ్గల బొమ్మ ఉంది. "మల్లెపూలది," అంది. "బాపు తెచ్చిండా?"

"బాపే తెచ్చిండు." అండాలు కళ్లు మూసుకుంది. కనుకొలకుల్లోంచి నీళ్లు చెవుల మీదికి జారాయి. ఎల్లేశం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తన పని ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదని అతనికి అనిపించింది. సంతోషంగా ఉంది. ఈ ఇంట్లో సంతోషపడితే తప్పేమో అన్నట్టు తల వంచుకున్నాడు.

తల్లీబిడ్డలు చాలాసేపు మాట్లాడుకున్నారు. అండాలు కీర్తి బడి సంగతి అడిగింది. ఎలుక మాట ఎత్తి, "పిల్లనింక కొట్టినవా?" అంది. లేదని అమూల్య చెప్పింది. బయ్యారంలో ఉన్న పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులని చెప్పింది. అండాలు ఊఁ కొడుతూ, మధ్యలో బిడ్డ కొంగు పట్టుకుని చూసి, రంగు మంచిగున్నది, ఏడ కొన్నవు, అని అడిగింది. చివరకు తల దువ్వమంది.

"జుట్టేడున్నదవ్వా," అంది అమూల్య నవ్వబోతూ.

"ఉన్నదే దువ్వు."

అమూల్య కాళ్లు పైకి ముడుచుకుని, తల్లి తలను ఒళ్లోకి తీసుకుని, కొబ్బరినూనె అరచేతిలో పోసుకుంది. చాయ్ పెట్టడానికి పాలు లేవని ఎల్లేశం బయలుదేరాడు. అండాలు కళ్లు తెరిచి, "జల్ది రా," అంది.

కిరాణా దుకాణం దగ్గర గిరాకీ ఉంది. ఎల్లేశం తొందరపెట్టలేదు. నిలబడి, పాల ప్యాకెట్టుతో పాటు బిడ్డకు ఇష్టమని బిస్కెట్లు కూడా తీసుకున్నాడు. రేపు పుండు కడిగేటప్పుడు కొమురమ్మను కూడా లోపలికి పిలవాలని, దీపం ఉంటే ఆమె రావచ్చని, సెంటు అయిపోతే మనోరమమ్మను ఎలా అడగాలా అని ఆలోచిస్తూ తిరిగి వచ్చాడు. వాడకట్టులో దీపాలు పెట్టే వేళ అయింది.

అమూల్య ఇంకా దువ్వుతూనే ఉంది. "మెల్లగ బాపూ, పండుకున్నది," అంది.

ఎల్లేశం పాల ప్యాకెట్టు కింద పెట్టాడు. "ఎప్పుడు పండుకున్నది?"

"నువ్వు పోయిన జరసేపటికే. నా చెయ్యి పట్టుకుని ఉండె, ఇడిసిపెట్టింది."

అతను మంచం పక్కన కూర్చుని, దారం కట్టిన మణికట్టు పట్టుకున్నాడు. నాడి కోసం వేళ్లు జరిపి జరిపి చూశాడు. అమూల్య దువ్వెన ఆగింది. తండ్రి మొహం చూసింది. ఇద్దరిలో ఎవరూ ముందుగా ఏడవలేదు. అండాలు నుదురు మీద నూనె మెరుస్తోంది, వెంట్రుకలు రెండు పాయలుగా చక్కగా తీసి ఉన్నాయి.

ఆ తర్వాత వాడకట్టంతా వచ్చింది. కొమురమ్మ ఇన్నాళ్లకు గడప దాటి లోపలికి వచ్చి, కొంగు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందనుకున్నాడు ఎల్లేశం. తల దగ్గర చమురు దీపం పెట్టారు. గూట్లో ఉన్న సెంటు దీపాన్ని ఎవరో పక్కకు జరిపారు. కొమురమ్మ ఊదుబత్తీలు కట్టకు కట్ట ముట్టించి, మంచం నాలుగు కోళ్ల దగ్గరా గుచ్చింది. మల్లెపూల వాసన ఉండగా ఇన్ని ఊదుబత్తీలు ఎందుకని ఎల్లేశానికి అనిపించింది. చావు ఇంటి పద్ధతి అయి ఉంటుందనుకున్నాడు. ఎవరు ఏమడిగినా తల ఊపాడు.

మర్నాడు పొద్దుటికి అందరూ వచ్చారు. అల్లుడు, బయ్యారం వదిన, ఉమేష్ కూడా వచ్చి పోయారు. చేతికి దారంతోనే అండాలును తీసుకుపోయారు. దాన్ని విప్పబోతే ఎల్లేశం వద్దన్నాడు, సామిది, ఉండనియ్యుండ్రి, అన్నాడు.

మూడో నాడు పిట్టకు పెట్టారు. ఆమెకు ఇష్టమైన పచ్చిపులుసు, అన్నం, రెండు గారెలు విస్తట్లో పెట్టి దూరం జరిగారో లేదో కాకి వచ్చి వాలింది. ఎవరూ బతిమాలనక్కరలేకపోయింది. "చూసినవా అన్నా," అంది కొమురమ్మ. "ఏ కోరికా లేకుండ పోయింది. బిడ్డను చూసుకున్నది, ఇగ ఏం కావాలె ఆమెకు." అందరూ అవునన్నారు. ఎల్లేశానికి కూడా గుండెలో కొంచెం బరువు దిగినట్టయింది. అది తన వల్ల జరిగిందని, దీపం లేకపోతే ఆమె బిడ్డను గడప దగ్గరి నుంచే పంపేసేదని, లోలోపల ఎన్నిసార్లు అనుకున్నాడో.

ఇంటికి వచ్చాక అమూల్య తల్లి చీరలు మడతపెడుతూ కూర్చుంది. కిటికీ తెరిచి ఉంది. గదిలో ఇంత వెలుతురు ఉంటుందని ఎల్లేశం మరిచిపోయాడు. గూట్లో దీపంలో స్పిరిట్టు ఎప్పుడో ఇంకిపోయింది, రాయి చల్లబడింది. తీసి జాగ్రత్త చేద్దామని మంచం కింద ఉన్న సంచి బయటికి లాగాడు. అడుగున చేతికి ఇంకో సీసా తగిలింది.

బయటికి తీశాడు. మల్లెమొగ్గల బొమ్మ. మెడ దాకా నిండుగా ఉంది. మెడకు ఎర్ర దారం. ముడి మీద పసుపు.

గూటి దగ్గరున్న సీసా వైపు చూశాడు. అది తను పొద్దున క్యానులోంచి నింపుకున్నది, మనోరమమ్మ ఇంట్లో కొంత వాడినది. దానికి దారం లేదు. దాని దారం అండాలు చేతికి ఉండి, ఆమెతో పాటే కాలిపోయింది. మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆమె కళ్లకు అద్దుకున్నది వత్తుల పొట్లం దారం. ఆ సాయంత్రం దీపం ఇచ్చింది ఉత్త వేడి. ఇంట్లో ఉన్న వాసన ఉన్నట్టే ఉంది. అందులో కూర్చుని, అమూల్య చెంపకు చెంప ఆనించి, తల దువ్వుతూ ఉంది. కొమురమ్మ కొంగు ఎందుకు అడ్డం పెట్టుకుందో కూడా అతనికి ఇప్పుడు తెలిసింది.

సీసాను తొడ వెనక్కి పెట్టుకుని, "బిడ్డా," అన్నాడు. "ఆనాడు నువ్వు వచ్చినప్పుడు... ఇంట్ల వాసన ఎట్లుండె?"

అమూల్య చేతిలోని చీర మడత ఆగింది. తల ఎత్తలేదు. "మల్లెపూల వాసన బాపూ," అంది. "ఇల్లంత అదే ఉండె. అవ్వకు మంచిగనిపించింది." అంచులు సరిచేసి, చీరను మరో మడత వేసింది. అరచేత్తో దాన్ని ఒత్తుతూ, ఒత్తుతూ, అక్కడే ఉండిపోయింది.

ఈ ఒక్క అబద్ధాన్ని బిడ్డ దగ్గర ఉండనివ్వాలని ఎల్లేశానికి తోచింది. ఆమె చీరలు తీసుకుని బయటి గదిలోకి పోయేదాకా ఆగి, లేచి, సీసాను కిటికీలో పెట్టాడు.

ఎండ దాని గుండా వచ్చి గచ్చు మీద పడింది. మనోరమమ్మ వేసిన ముడి, పసుపుతో సహా, ఎవరూ విప్పకుండా సీసా మెడకు అలాగే ఉంది.